హార్వెస్ట్ బ్యాన్ (కోతలకూ పొలంలో బండ్లకూ నిషేధం) ఉన్న రోజు పొలంలోకి బండి ఎందుకు దించకూడదు?

[తెర మీద: కోతకొచ్చిన గోధుమ చేను, గట్టున ఆగి ఉన్న హార్వెస్టర్, గాలికి లేస్తున్న దుమ్ము]

వాయిస్: 2005 జనవరి 10న దక్షిణ ఆస్ట్రేలియాలోని వాంగరీ దగ్గర ఎండుగడ్డిలో ఆగిన ఒక వాహనం ఎగ్జాస్ట్ వేడికి నిప్పు పుట్టింది. మర్నాడు గాలి ముదిరేసరికి మంట చెయ్యి దాటిపోయింది. 9 మంది చనిపోయారు. దాదాపు 78,000 హెక్టార్లు కాలిపోయాయి.

పొలంలో కదిలే బండ్ల మీద ఆస్ట్రేలియాలో అంత కట్టుదిట్టం ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది. కోతల పనికి వెళ్లే మన కుర్రాళ్లూ, అక్కడి పల్లె రోడ్ల మీద కారు నడిపేవాళ్లూ ఈ నిబంధనలు తప్పకుండా తెలుసుకోవాలి.

[తెర మీద: పశ్చిమ ఆస్ట్రేలియా పటం, గోధుమ పండే ప్రాంతం]

వాయిస్: పశ్చిమ ఆస్ట్రేలియాలో రెండు నిషేధాలున్నాయి. టోటల్ ఫైర్ బ్యాన్, అంటే ఆరుబయట నిప్పు మీద నిషేధం, రాష్ట్ర స్థాయిలో ప్రకటిస్తారు. ఆ రోజు ఆరుబయట వెల్డింగ్, గ్రైండింగ్ లాంటి పనులు ఆపేయాలి. ఉల్లంఘిస్తే 25,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. రెండోది హార్వెస్ట్ అండ్ వెహికల్ మూవ్‌మెంట్ బ్యాన్. దీన్ని షైర్, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వం పెడుతుంది. ఒకటి లేదు కాబట్టి రెండోదీ ఉండదులే అనుకోకండి. షైర్ ఎస్సెమ్మెస్‌లకు మీ నంబరు ఇచ్చి పెట్టుకోండి. రేడియో కూడా వింటూ ఉండండి.

చాలామంది పొరబడేది ఇక్కడే. పేరులో హార్వెస్ట్ అని ఉంది కదా, హార్వెస్టర్ ఆపితే చాలనుకుంటారు. ట్రాక్టరు, స్లాషర్ (గడ్డి నరికే యంత్రం), క్వాడ్ బైక్, చివరికి గేటు వేసి రావడానికి చేలో అడ్డంగా తోలే పికప్ కూడా నిషేధం కిందికే వస్తాయి. ప్రభుత్వ రోడ్ల మీద తిరగొచ్చు. పశువులకు నీళ్లు పట్టడం లాంటి తప్పనిసరి పనులకు మినహాయింపు ఉందా, ఏ షరతుల మీద అన్నది మీ షైర్ నోటీసులో చూడాలి.

[తెర మీద: టర్బో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గరి దృశ్యం]

వాయిస్: నిప్పు ఎక్కడ పుడుతుంది? హార్వెస్టర్‌లో ఎక్కువసార్లు ఇంజిన్ దగ్గరే. బాగా వేడెక్కే టర్బో మీదా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీదా పొట్టు, దుమ్ము పేరుకుని కమిలి, నిప్పురవ్వలై కిందికి రాలతాయి. సెనగ, మసూర్ లాంటి పప్పుధాన్యాల దుమ్ము మరీ తేలిగ్గా అంటుకుంటుంది. ఆ తర్వాత అరిగిన బేరింగులు, రాపిడికి పైపొర పోయిన వైర్లు, స్లాషర్ బ్లేడు రాయికి తగిలి లేచే రవ్వలు. డీజిల్ బండిలో పొగలోని మసిని పట్టే పార్టిక్యులేట్ ఫిల్టర్ తనంతట తాను శుభ్రం చేసుకునేటప్పుడు ఎగ్జాస్ట్ దాదాపు 600 డిగ్రీలకు చేరుతుంది. ఆ సమయంలో ఎండుగడ్డి మీద ఆపడం చాలా ప్రమాదం.

అందుకే బ్యాన్ లేని రోజు కూడా కంప్రెసర్‌తోనో లీఫ్ బ్లోయర్‌తోనో ఇంజిన్ చుట్టూ ఊదండి. పొద్దున ఒక్కసారి ఊదితే సరిపోదు, పని మధ్యలో కూడా ఆపి ఊదాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో బేరింగులు చూడండి. పక్క బేరింగుల కంటే ఒకటి బాగా వేడెక్కిందంటే అది పోయేముందు ఇచ్చే హెచ్చరికే.

మిషన్ మీద పౌడర్ ఎక్స్‌టింగ్విషర్‌తో పాటు నీళ్లదీ ఉండాలి. పౌడర్ మంటను ఆర్పుతుంది, లోపల కమిలే పొట్టును చల్లార్చలేదు. అదే కాసేపటికి మళ్లీ రాజుకుంటుంది. పంపు ఉన్న నీళ్ల బండి అదే చేలో సిద్ధంగా ఉండాలి, ఇంటి దగ్గర షెడ్డులో కాదు.

[తెర మీద: చేతిలో పట్టుకునే గాలి మీటరు]

వాయిస్: ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నాం కదా, మరి బ్యాన్ ఎందుకు? రవ్వ ఏ రోజైనా పడొచ్చు. గాలి తక్కువైతే ఇద్దరు మనుషులు, ఒక నీళ్ల బండి దాన్ని ఆపగలరు. గాలి ఎక్కువైతే మంట వాళ్లకు అందదు. దక్షిణ ఆస్ట్రేలియా కోత నియమావళి దీనికో అంకె పెట్టింది: గడ్డి మంటల ప్రమాద సూచిక 35 దాటితే కోత ఆపాలి. 35 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 10 శాతం ఉన్నప్పుడు గంటకు దాదాపు 25 కిలోమీటర్ల గాలికే ఆ గీత వచ్చేస్తుంది. 30 డిగ్రీలు, 30 శాతం తేమ అయితే గాలి దాదాపు 35 కిలోమీటర్లకు చేరేదాకా ఆ గీత రాదు. ఒక్క విసురు కాదు, సగటు గాలి చూడాలి. ఈ లెక్కలోని గాలి వేగం 10 మీటర్ల ఎత్తులోది. మనిషి ఎత్తులో మీటరు తక్కువ చూపిస్తుంది, ఆ తేడా కలుపుకోవాలి. కొలత కూడా మీ చేలోనే తీసుకోండి. ఊరి వాతావరణ కేంద్రం అంకె మీ దిబ్బ మీది గాలికి సరిపోదు.

[తెర మీద: రోడ్డు పక్క ఎండుగడ్డి, కారు కింది భాగం]

వాయిస్: కారులో వెళ్తున్నారా? గడ్డిలోకి దింపకుండా కంకర మీదో మట్టి మీదో ఆపండి. కొయ్యకాళ్ల మీదుగా వచ్చుంటే దిగి కిందికి వంగి చూడండి. సైలెన్సర్ మీద ఇరుక్కున్న గడ్డి తీసేయండి. కాసేపు చల్లారాకే తీయండి, చేతులు కాలతాయి.

మంట కనిపిస్తే ఆస్ట్రేలియా ఎమర్జెన్సీ నంబరు 000కు ఫోన్ చేయండి, రేడియోలో ఇరుగుపొరుగు రైతులకు చెప్పండి. హార్వెస్టర్‌లోనే మొదలైతే, వీలైతే నిలబడ్డ పంటలోంచి బయటికి తెచ్చి ఆపి, దూరంగా వెళ్లండి. ఆర్పేవాళ్లు కాలిపోయిన నేల వైపు నుంచే రావాలి, మంటకు ఎదురెళ్లకూడదు. గాలి దిక్కు మారితే, అప్పటిదాకా పక్కన నెమ్మదిగా కాలుతున్న అంచు మొత్తం ఒక్కసారిగా ముందు వరుస అవుతుంది.

సాయంత్రం చల్లబడినట్టు అనిపించినా, బ్యాన్ ఎత్తేశామని షైర్ చెప్పేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి. చెప్పాక కూడా ముందు టర్బో చుట్టూ ఊది, నీళ్ల బండి పంపు ఒకసారి ఆన్ చేసి చూసుకుని, అప్పుడు చేలోకి దిగండి.