ఫ్రెంచ్‌లో ‘నాకు పెళ్లయింది’ అని చెప్పాలంటే: ఏ మాట వాడాలి, ఏది వద్దు?

నమస్కారం అండీ. పెళ్లి, ప్రేమ, తోడు గురించి ఫ్రెంచ్‌లో ఉన్న మాటల్ని ఈ రోజు పట్టి చూద్దాం. ఫ్రెంచ్ భాషా పరీక్షల్లో తొలి మెట్టయిన డెల్ఫ్ ఏ1 మౌఖిక పరీక్షలో మొట్టమొదట అడిగేది మీ గురించి, మీ ఇంట్లోవాళ్ల గురించే. అందుకే ఇది మొదట్లోనే గట్టిపడాలి.

ముందు ఫారాల్లో పెళ్లి వివరం అడిగే గడులు. పెళ్లికాకపోతే ‘సెలిబతేర్’, ఆడకీ మగకీ ఒకటే రూపం. పెళ్లయితే ‘మారియే’. స్త్రీ అయితే రాతలో చివర ఇంకో ‘e’ అక్షరం చేరుతుంది, పలకడంలో తేడా ఉండదు. వినడానికి ఒకేలా ఉంటుంది కాబట్టే చాలామంది రాతలో మార్కు పోగొట్టుకుంటారు. విడాకులకు ‘దివోర్సే’, అదే పద్ధతి. భార్య పోయినాయన ‘వఫ్’, భర్త పోయినావిడ ‘వవ్’. ఇక్కడ మాత్రం చెవికి కూడా తేడా తెలియాలి.

‘పాక్సే’ అన్న గడి చూసి కంగారుపడకండి. 1999లో వచ్చిన చట్టం అది. పెళ్లి కాదు, నమోదు చేసుకున్న సహజీవనం. మన ఫారాల్లో దానికి సాటి గడి లేదు. ఇక పెళ్లికాని స్త్రీ పేరు ముందు పెట్టే ‘మద్‌మ్వాజెల్’ వెతక్కండి. 2012లో ప్రభుత్వ ఫారాల నుంచి తీసేయమన్నారు. పెళ్లయినా కాకపోయినా స్త్రీకి ‘మదామ్’.

ఇప్పుడు అసలు చిక్కు. ఇంగ్లిష్ మీదుగా ఆలోచించి ‘జే మారియే రవి’ అంటే ‘రవికి పెళ్లి చేశాను’ అని అర్థం! ఇక్కడ తెలుగే మనకు దారి చూపిస్తుంది. ‘మారియే’ అంటే పెళ్లి చేయడం. తండ్రి కూతురికి చేస్తాడు, ఫ్రాన్స్‌లో మేయరు జంటకు చేస్తాడు. ‘స్య మారియే’ అంటే పెళ్లి చేసుకోవడం. మన ‘చేసుకొను’లో ‘కొను’ చేసే పనే అక్కడ ‘స్య’ చేస్తుంది. కాబట్టి ‘జ్య మ్య సుయి మారియే అవెక్ రవి’. ‘అవెక్’ అంటే ‘తో’, మరవద్దు. అదే ‘ఎపూజే’ (పెళ్లాడటం) వాడితే ‘అవెక్’ పెట్టకూడదు: ‘జే ఎపూజే రవి’.

ఇంకొకటి. ‘జ్య సుయి మారియే’ అంటే పెళ్లయి ఉన్నాను అని, అది ఇప్పటి స్థితి. ‘2019లో పెళ్లి చేసుకున్నాను’ అనాలంటే ‘మ్య’ ఉండి తీరాలి.

స్నేహితుడు అనే మాట దగ్గర జాగ్రత్త. ‘మోఁ కొపాఁ’ అంటే నా ప్రియుడు అనే వింటారు. ఉత్త స్నేహితుడైతే ‘అఁ కొపాఁ’, లేదా ‘అఁనామీ ఆ మ్వా’. ఒక్క చిన్న మాటతో సంబంధమే మారిపోతుంది!

భర్తకు ‘మోఁ మారీ’, భార్యకు ‘మా ఫామ్’. రోజువారీ మాటల్లో ఇవి చాలు. భార్యకే ఉన్న ఇంకో మాట ‘ఎపూజ్’ ఫారాలకే బాగుంటుంది.

చుట్టరికాల దగ్గర మాత్రం నాకు ఫ్రెంచ్ చాలదనిపిస్తుంది. బావ, మరిది, బావమరిది అందరూ ‘బో ఫ్రేర్’ ఒక్కడే. ‘బెల్ మేర్’ అంటే అత్తగారూ కావచ్చు, సవతితల్లీ కావచ్చు. అనుమానం రాకూడదంటే ‘లా మేర్ ద్య మోఁ మారీ’, మా ఆయన తల్లి, అని విప్పి చెప్పేయండి.