చాట్ సర్వర్‌కి సర్టిఫికెట్: ఫైలు మారితే సరిపోదు

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో సొంత చాట్ సర్వర్ నడుపుతున్నవాళ్లు, నడపాలనుకుంటున్నవాళ్లు ఈ హాల్లో ఉన్నారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. ఆన్సిబుల్ ప్లేబుక్‌తో (సర్వర్ సెటప్ అంతా రాసిపెట్టుకునే ఫైలు) ప్రోసడీని, అంటే ఎక్స్‌ఎంపీపీ అనే చాట్ ప్రోటోకాల్‌తో నడిచే సర్వర్ సాఫ్ట్‌వేర్‌ని, కొత్త మెషీన్ మీద ఎక్కించడం పెద్ద పనేం కాదు. దెబ్బ తగిలేది మూడు నెలల తర్వాత. సర్వర్ అసలైనదేనని యాప్‌కి చూపించే సర్టిఫికెట్‌ని ఉచితంగా ఇచ్చే సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్. దాని సర్టిఫికెట్ గడువు 90 రోజులు. ఆ గడువు దాటిన రోజు చూస్తే డిస్క్ మీద కొత్త సర్టిఫికెట్ ఉంటుంది, సర్టిఫికెట్ తెచ్చి రెన్యూ చేసే సర్ట్‌బాట్ లాగులో ఒక్క ఎర్రర్ ఉండదు, కానీ జనం ఫోన్లలో చాట్ కనెక్ట్ కాదు. నడుస్తున్న ప్రోసడీ చేతిలో ఇంకా పాత సర్టిఫికెట్టే ఉంది మరి.

దానికి ముందు, సర్టిఫికెట్ ఏ పేరు మీద తీసుకోవాలో తేల్చుకుందాం. చాలామంది తప్పేది ఇక్కడే. యూజర్ల చిరునామాలు ఎగ్జాంపుల్.ఆర్గ్‌తో ముగుస్తాయి, సర్వర్ ఉన్నది చాట్.ఎగ్జాంపుల్.ఆర్గ్‌లో అనుకోండి. ఎక్స్‌ఎంపీపీలో సర్టిఫికెట్ మీద ఉండాల్సిన పేరు ఎగ్జాంపుల్.ఆర్గ్. డీఎన్‌ఎస్‌లోని ఎస్‌ఆర్‌వీ రికార్డు ఎక్కడికి వెళ్లాలో మాత్రమే చెబుతుంది. డీఎన్‌ఎస్ జవాబును దారిలో ఎవరైనా మార్చేయొచ్చు కాబట్టి క్లయింట్ (చాట్ యాప్) దాన్ని నమ్మి పేరు మార్చుకోదు. గ్రూపులకి, ఫైల్ అప్‌లోడ్‌కి విడి సబ్‌డొమైన్లు పెడితే అవి కూడా ఆ సర్టిఫికెట్‌లోనే ఉండాలి. మేట్రిక్స్ అనే మరో చాట్ ప్రోటోకాల్ నడిపేవాళ్లకి ఒక మాట: వెల్‌నోన్ ఫైలుతో డెలిగేట్ చేస్తే, అంటే చాట్ పనిని వేరే పేరున్న సర్వర్‌కి అప్పగిస్తే, అక్కడ కావాల్సింది డెలిగేట్ చేసిన పేరు మీది సర్టిఫికెట్. ఆ ఫైలు అసలు డొమైన్ నుంచి హెచ్‌టీటీపీఎస్ మీదే వచ్చింది కాబట్టి దాన్ని నమ్మొచ్చు.

ఇప్పుడు చిక్కు. ఎగ్జాంపుల్.ఆర్గ్ వెబ్‌సైట్ వేరే హోస్టింగ్‌లో ఉంటే, డొమైన్ మనదేనా అని లెట్స్ ఎన్‌క్రిప్ట్ హెచ్‌టీటీపీ పద్ధతిలో చేసే పరీక్ష ఆ మెషీన్ 80వ పోర్టుకే పోతుంది, మన చాట్ సర్వర్‌కి రాదు. కూకట్‌పల్లిలో ఇంటి ఫైబర్ సీజీనాట్ (చాలా ఇళ్లకి ఒకే పబ్లిక్ ఐపీ) వెనక ఉండి, చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) నుంచి టన్నెల్ వేసి 5222, 5269 చాట్ పోర్టులు మాత్రమే ఇంటికి తెచ్చుకున్నవాళ్లదీ ఇదే సమస్య. ఇద్దరికీ మందు డీఎన్‌ఎస్ పద్ధతే: టీఎక్స్‌టీ రికార్డు పెట్టి డొమైన్ మనదేనని చూపిస్తాం. అయితే మొత్తం డొమైన్‌ని మార్చగలిగే ఏపీఐ టోకెన్‌ని చాట్ మెషీన్ మీద పెట్టకండి. ఆ టీఎక్స్‌టీ రికార్డు ఉండాల్సిన ఏక్మీ చాలెంజ్ పేరుని సీనేమ్ రికార్డుతో వేరే చిన్న డీఎన్‌ఎస్ జోన్‌కి మళ్లించి, టోకెన్‌కి ఆ జోన్ మీద మాత్రమే హక్కు ఇవ్వండి. మెషీన్ ఎవరి చేతికైనా చిక్కినా మీ ఈమెయిల్ రికార్డులు భద్రంగా ఉంటాయి.

ఇక ఆన్సిబుల్. సర్టిఫికెట్ మారితే ప్రోసడీని రీలోడ్ చేయమని హ్యాండ్లర్ (ఏదైనా మారితే ప్లేబుక్ చేసే పని) రాసి, పని అయిపోయిందనుకుంటారు. హ్యాండ్లర్ నడిచేది మీరు ప్లేబుక్ నడిపినప్పుడే. రెన్యువల్ జరిగేది అర్ధరాత్రో అపరాత్రో, లినక్స్‌లోని సిస్టమ్‌డీ టైమర్ లేపినప్పుడు. ఆ వేళ ఆన్సిబుల్ అక్కడ ఉండదు. అందుకే ప్లేబుక్ చేయాల్సింది రీలోడ్ కాదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ డైరెక్టరీలోని రెన్యువల్ హుక్స్‌లో, డిప్లాయ్ ఫోల్డర్ కింద ఒక స్క్రిప్టు పెట్టడం. ఇదే డిప్లాయ్ హుక్, సర్టిఫికెట్ రెన్యూ అయినప్పుడల్లా సర్ట్‌బాట్ దీన్ని నడుపుతుంది. స్క్రిప్టులో రెండు లైన్లు చాలు. మొదటిది ప్రోసడీసీటీఎల్ సర్ట్ ఇంపోర్ట్: కీని, చైన్‌ని (మన సర్టిఫికెట్, దాన్ని ధ్రువీకరించే మధ్య సర్టిఫికెట్) ప్రోసడీ చదవగలిగేలా దాని ఫోల్డర్‌లోకి కాపీ చేస్తుంది. రెండోది రీలోడ్. రీస్టార్ట్ వద్దు, కనెక్షన్లన్నీ తెగుతాయి. పర్మిషన్ ఎర్రర్ వచ్చిందని ప్రైవేట్ కీకి 644 పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, మెషీన్‌లోని ప్రతి యూజరూ ఆ కీని చదివేస్తాడు. చేత్తో పాత్ రాసేవాళ్లు సర్ట్.పెమ్ కాదు, ఫుల్‌చైన్.పెమ్ ఇవ్వండి, మధ్య సర్టిఫికెట్ లేకపోతే బ్రౌజర్ కొన్నిసార్లు సర్దుకుంటుంది, ఫోన్ యాప్‌లు, అవతలి సర్వర్లు సర్దుకోవు.

హుక్ మొదటిసారి తనంతట తానే నడుస్తుందని అనుకోకండి. సర్టిఫికెట్ వచ్చాక అదే స్క్రిప్టుని ప్లేబుక్‌తో ఒకసారి నడిపించండి. డ్రై రన్ (ఉత్తుత్తి రెన్యువల్) పాసైనంత మాత్రాన హుక్ బాగున్నట్టు కాదు, మామూలు డ్రై రన్ డిప్లాయ్ హుక్‌ని ముట్టుకోదు.

ప్లేబుక్ పరీక్షించేటప్పుడు వీఎంని చెరిపి మళ్లీ కట్టడం మనకి అలవాటు. కానీ అవే పేర్లతో లెట్స్ ఎన్‌క్రిప్ట్ 7 రోజుల్లో 5 సర్టిఫికెట్లే ఇస్తుంది. ఆరోసారి ఆగిపోతారు, అదీ అసలు సర్వర్ ఎక్కించే రోజే కావచ్చు. పరీక్షలన్నీ లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు పరీక్షల కోసమే పెట్టిన స్టేజింగ్ సర్వర్ మీద చేయండి. అసలు మెషీన్ మళ్లీ కట్టాల్సి వస్తే లెట్స్ ఎన్‌క్రిప్ట్ డైరెక్టరీని బ్యాకప్ నుంచి తెచ్చుకోండి. డాకర్‌లో ట్రేఫిక్ అనే ప్రాక్సీ వాడేవాళ్లు సర్టిఫికెట్లు దాచే ఏక్మీ.జేసన్‌ని శాశ్వత వాల్యూమ్‌లో ఉంచండి, లేకపోతే కంటెయినర్ మారిన ప్రతిసారీ కొత్త సర్టిఫికెట్ అడుగుతుంది.

గడువు దగ్గర పడిందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ పంపే ఈమెయిల్స్ 2025 జూన్‌లో ఆగిపోయాయి, కాబట్టి కాపలా మనదే. డిస్క్ మీద ఫైలు చూడటం కాపలా కాదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్ అండర్‌స్కోర్ క్లయింట్‌తో, స్టార్ట్‌టీఎల్‌ఎస్‌కి ఎక్స్‌ఎంపీపీ అని ఇచ్చి, ఎక్స్‌ఎంపీపీహోస్ట్‌గా ఎగ్జాంపుల్.ఆర్గ్ పెట్టి, బయటి మెషీన్ నుంచి 5222కి కనెక్ట్ అవ్వండి. వచ్చిన సర్టిఫికెట్‌ని చెక్‌ఎండ్ 1209600తో పరీక్షించండి, అంటే సెకన్లలో 14 రోజులు; అంతలోపు గడువు ముగుస్తుందేమో అది చెబుతుంది. సర్వర్ల మధ్య వాడే 5269ని ఎక్స్‌ఎంపీపీ సర్వర్ మోడ్‌లో విడిగా చూడాలి. 2029 మార్చి 15 నుంచి ఏ పబ్లిక్ సర్టిఫికెట్టూ 47 రోజులకి మించి ఉండకూడదు. గడువులో మూడో వంతు మిగిలినప్పుడు రెన్యూ చేసే సెటప్‌లో అప్పటికి 15, 16 రోజులే మిగులుతాయి, కాబట్టి ఈ 14ని 7కి దించండి. ఆ అలర్టుని మాత్రం ఇదే చాట్ సర్వర్‌లోని గ్రూపుకి పంపకండి. సర్టిఫికెట్ గడువు దాటిందంటే ఆ మెసేజ్ కూడా ఎవరికీ చేరదు. ఎస్సెమ్మెస్‌కో వేరే చోటున్న ఈమెయిల్‌కో పంపండి.