సెల్ఫ్ ఎస్టీమ్ లెక్క: ఆ ఐదు వాక్యాలు తిప్పారా?

నమస్తే అండీ. స్క్రీన్ కనిపిస్తోంది కదా? సరే. ఇవాళ మన సెల్ఫ్ ఎస్టీమ్ మనమే ఎలా కొలుచుకోవాలో చూద్దాం. ఆత్మగౌరవం అనొచ్చు గానీ, ఆ మాట వినగానే ఎవరికీ తల వంచకపోవడం గుర్తొస్తుంది. ఇక్కడ అది కాదు. నా గురించి నేను లోపల ఏమనుకుంటున్నాను, అంతే.

ఇదిగో, ఇది రోజెన్‌బర్గ్ స్కేల్. మోరిస్ రోజెన్‌బర్గ్ అని అమెరికా సోషియాలజిస్టు, 1965లో తెచ్చాడు. ఇంతకంటే పెద్దవి ఉన్నాయి, నాకు మాత్రం ఇదే ఇష్టం. పదే వాక్యాలు. పూర్తిగా ఒప్పుకుంటే 3, ఒప్పుకుంటే 2, ఒప్పుకోకపోతే 1, అస్సలు ఒప్పుకోకపోతే 0. టకటకా పెట్టేయండి, ఎక్కువ ఆలోచించొద్దు. పెట్టేశారా?

ఆగండి ఆగండి, అప్పుడే కూడొద్దు! నేను ఇక్కడే బోల్తా పడ్డాను. ఈ పసుపు రంగు వేసినవి చూడండి. 2, 5, 6, 8, 9. మీ ఫారంలో వరస వేరుగా ఉండొచ్చు, అందుకని నంబరు చూడకండి, వాక్యం చదవండి. 'నేనెందుకూ పనికిరాను అనిపిస్తుంది' లాంటివి అన్నమాట. వీటికి మార్కులు తిరగెయ్యాలి. 3 ఉంటే 0, 2 ఉంటే 1. తిప్పకపోతే ఏమవుతుంది? చూడండి, తనంటే తనకి బాగా ఇష్టమున్న మనిషి మంచి వాక్యాలు ఐదింటికీ 3 పెడతాడు, చెడ్డవాటికి 0. మొత్తం 15. తనంటే తనకే పడని మనిషి? దీనికి సరిగ్గా ఉల్టా. మళ్లీ 15! ఇద్దరికీ ఒకటే! నేను ఆ 15 చూసుకుని పర్వాలేదులే అనుకున్నా.

ఎక్సెల్ లాంటి షీట్‌లో అయితే పక్క సెల్‌లో ఈక్వల్‌టు, 3 మైనస్, ఆ మార్కున్న సెల్. కిందికి లాగకండి, ఐదింటికే. నేను చేత్తో తిప్పడం మానేశా, తప్పులొస్తాయి.

ఇంకోటి, ఈ 8 చూడండి. 'నా మీద నాకు ఇంకాస్త గౌరవం ఉంటే బాగుండు.' ఇది నాకెప్పుడూ తిక్కగానే ఉంటుంది. బాగానే ఉన్నవాళ్లు కూడా అవునంటారు కదా! అయినా తీసెయ్యకండి, తీసేస్తే పది వాక్యాలకి మూడేసి చొప్పున మొత్తం 30కి లెక్క కుదరదు.

ఇప్పుడు కూడండి. మామూలుగా 15 నుంచి 25 మధ్య సాధారణం అంటారు, 15 లోపు తక్కువ. ఇది జబ్బు తేల్చే పరీక్ష కాదు. బాగా తక్కువొచ్చి, రోజులు కూడా భారంగా గడుస్తుంటే కౌన్సెలర్‌తో మాట్లాడండి. ఎవరో తిట్టిన సాయంత్రం చేస్తే మార్కు పడిపోతుంది, అందుకే రెండు వారాలాగి మళ్లీ చేయండి.

ఆఁ, పక్కన తేదీ వేయండి. ఈ పాత షీట్‌లో 17 ఉంది చూశారా? ఎప్పటిదో నాకే తెలీదు.