కొత్త లెక్చరర్‌కు ఓ పెద్ద తోడు

అధ్యాపక మిత్రులకు నమస్కారం.

ఒడిశాలోని ఈ పర్లాకిమిడిలో నిలబడి చదువు చెప్పడం గురించి మాట్లాడుతుంటే గిడుగు రామమూర్తి గారు గుర్తుకు రాకుండా ఉండరు. 1880లో ఈ ఊళ్లో ఉపాధ్యాయుడిగా చేరిన ఆయన, సవర గిరిజనులకు చదువు చెప్పాలంటే ముందు తనకు సవర భాష రావాలనుకున్నారు. పట్టుబట్టి నేర్చుకున్నారు. మన డిగ్రీ క్లాసులకు ఇవాళ కావలసింది ఆ పట్టుదలే. మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లిష్ పుస్తకం. ఫస్ట్ సెమిస్టర్‌లో నోరు మెదపని కుర్రాడికి సబ్జెక్టు రాదని అనుకుంటాం. చాలాసార్లు అతనికి అర్థం కానిది ప్రశ్నలోని మాట.

కొత్త లెక్చరర్‌కు ఈ సంగతి ఎవరు చెప్పాలి? పీహెచ్‌డీలో పరిశోధన నేర్చుకున్నారు గానీ పాఠం చెప్పడం ఎవరూ నేర్పలేదు. డిపార్ట్‌మెంటులో ఒక్కరో ఇద్దరో ఉన్నచోట అడగడానికి సీనియర్లూ ఉండరు. 2020 జాతీయ విద్యా విధానం ఇందుకే ఒక జాతీయ మెంటరింగ్ మిషన్ ఉండాలంది. భారతీయ భాషల్లో బోధించగల వాళ్లతో సహా, రిటైరైన మంచి అధ్యాపకులు కాలేజీ టీచర్లకు తోడుగా నిలవాలంది. శ్రీకాకుళంలో, విశాఖలో అలాంటి మాస్టార్లు ఎందరో ఉన్నారు. వాళ్లు ఇక్కడికి రానక్కర్లేదు, వీడియో కాల్ చాలు.

అయితే వెబినార్ పెట్టి రెండు గంటలు ఉపన్యాసం ఇస్తే దాన్ని మెంటరింగ్ అనను. లెక్చరర్ తన క్లాసులో పది నిమిషాలు, పిల్లల ముఖాలు పడకుండా, ఫోన్‌లో రికార్డు చేసి పంపాలి. మాస్టారు చూసి ఒక్క విషయం మీదే మాట్లాడాలి. ఉదాహరణకు, ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగారు? 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు బడి క్లాసులు గమనిస్తే, టీచర్లు జవాబు కోసం ఒక సెకను ఆగడమే గగనమని తేలింది. మూడు సెకన్లు ఆగిన చోట పిల్లలు ఎక్కువసేపు, అడగకుండానే కూడా మాట్లాడారు. మూడు భాషల మధ్య మాట వెతుక్కునే మన పిల్లలకు ఇంకాస్త వ్యవధి ఇవ్వాలి. పాఠం చెప్పే హడావిడిలో ఎంత ఆగామో మనకు తెలియదు, పక్కన చూసేవాళ్లే చెప్పాలి.

ఒక్క షరతు మాత్రం గట్టిగా పెడతాను. ఈ మాటలు ప్రిన్సిపాల్ దాకా పోకూడదు. ప్రమోషన్ ఫైల్లోకి ఎక్కుతాయన్న టెన్షన్ ఉంటే, లెక్చరర్ బాగా కుదిరిన క్లాసే పంపి, కుదరనిది దాచేస్తారు. అప్పుడు ఇద్దరి సమయమూ వృథా.

కొండ ప్రాంతపు కాలేజీల్లో నెట్ సరిగా రాకపోతే సిగ్నల్ ఉన్నప్పుడు రికార్డింగ్ పంపండి, మామూలు ఫోన్‌లోనే మాట్లాడుకోండి. ఫస్ట్ సెమిస్టర్ క్లాసులు చెప్పేవాళ్లతో మొదలుపెడదాం. ఈ సభలో ఉన్న విశ్రాంత అధ్యాపకులు వెళ్లేముందు దయచేసి మీ పేరు, సబ్జెక్టు, ఏ భాషల్లో మాట్లాడగలరో రాసి ఇవ్వండి.