ఎంతకు పడింది?

సభకు నమస్కారం.

మన చేతిలో కొత్త వస్తువు కనబడగానే ఎదుటివాళ్లు అడిగే మొదటి మాట "ఎంతకు పడింది?" అని. "ఎలా పనిచేస్తోంది?" అన్న ప్రశ్న తర్వాత వస్తుంది, అదీ గుర్తుంటే. జవాబు చెప్పేవాళ్లు కూడా ఉత్త ధర చెప్పి ఊరుకోరు. "అసలు రేటు అంత, నాకు ఇంతకే వచ్చింది" అంటారు. ఆ "ఇంతకే" అనడంలో ఒక చిన్న గర్వం ఉంటుంది చూశారా, ఇవాళ దాని గురించే మాట్లాడదామని వచ్చాను.

రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త 1985లో ఈ గర్వాన్ని విడిగా పట్టుకున్నాడు. కొన్నప్పుడు మనకు కలిగే తృప్తి రెండు రకాలన్నాడు. పెట్టిన డబ్బు కంటే వస్తువు వల్ల ఎక్కువ ప్రయోజనం ఉందన్నది ఒకటి. ఇంత ఉంటుందని మనసులో అనుకున్న ధర కంటే తక్కువకే దొరికిందన్నది రెండోది. ఈ రెండోదానికి వస్తువుతో పనే లేదు. బీరువాలో లేబుల్ కూడా తియ్యకుండా మడతపెట్టి ఉన్న బట్టలు అందుకు సాక్ష్యం. వాటిని ఒక్కసారీ తొడుక్కోలేదు, కానీ బేరం మాత్రం బాగా కుదిరింది!

ఇక మనసులో అనుకునే ఆ ధర ఎక్కడి నుంచి వస్తుంది? ఇదివరకు కొన్న ధర కావచ్చు, పక్క షాపులో చూసింది కావచ్చు. చాలాసార్లు అమ్మేవాడు ట్యాగ్ మీద అచ్చువేసి కొట్టేసిన అంకే. అంటే కొలబద్దను కూడా అమ్మేవాడే మన చేతికిస్తున్నాడు. అది తెలిసి కూడా మనం దానితోనే కొలుస్తాం.

2012లో అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద స్టోర్ల సంస్థ ఈ కొలబద్దను తీసేసి చూసింది. కొత్తగా వచ్చిన అధికారి రాన్ జాన్సన్ కూపన్లూ డిస్కౌంట్లూ ఆపేసి, రోజూ ఒకే తక్కువ ధర అన్నాడు. నిజాయితీ గల పద్ధతే. కానీ ఆ ఏడాది అమ్మకాలు దాదాపు 25 శాతం పడిపోయాయి, 2013 ఏప్రిల్‌లో ఆయన పదవి పోయింది. కూపన్లు తియ్యడం ఒక్కటే కారణమని నేననను, స్టోర్లలో ఇంకా చాలా మార్చారు. అయినా కొట్టేసిన అంకె లేనప్పుడు, మిగిలిన అంకె తక్కువో ఎక్కువో కొనేవాళ్లకు తేలలేదన్నది మాత్రం నాకు స్పష్టంగా కనిపిస్తోంది.

తగ్గింపును కూడా మనం ఉన్నదున్నట్టు చూడం. ట్వెర్‌స్కీ, కానెమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1981లో వేసిన ప్రశ్న ఒకటుంది. మీరు 15 డాలర్ల కాలిక్యులేటర్ కొనబోతున్నారు. ఇరవై నిమిషాలు కారులో వెళితే ఇంకో బ్రాంచిలో అదే 10 డాలర్లకు వస్తుంది. వెళ్తారా? వెళ్తామన్నవాళ్లు 68 శాతం. కాలిక్యులేటర్ ధర 125 డాలర్లు, అక్కడ 120 అని మార్చి అడిగితే వెళ్తామన్నవాళ్లు 29 శాతమే. మిగిలేది రెండుసార్లూ ఐదు డాలర్లే, ప్రయాణమూ అంతే. చిన్న వస్తువు దగ్గర గీచి గీచి బేరమాడి, పెద్ద వస్తువు దగ్గర "ఇంత పెడుతున్నాం, ఇంకో నాలుగు వేలకు చూసుకోవడమెందుకు" అనుకుని, అడక్కుండానే అదనపు వారంటీకి తలూపేస్తాం.

ఇంతవరకూ చవక మోజు. దీనికి రెండో వైపు కూడా ఉంది. 2008లో ఒక ప్రయోగంలో నొప్పి తగ్గించే కొత్త మందని చెప్పి ఉత్తుత్తి మాత్రలిచ్చారు. మాత్ర ఖరీదు రెండున్నర డాలర్లని విన్నవాళ్లలో 85 శాతం మందికి నొప్పి తగ్గింది. పది సెంట్లకు తగ్గించారని విన్నవాళ్లలో అలా చెప్పింది 61 శాతం. మందు లేని మాత్రకే ఇంత తేడా ఉంటే, నాణ్యత పైకి కనబడని వస్తువుల సంగతి చెప్పాలా? లోపలేముందో తెలియనప్పుడు ధరనే నాణ్యత అనుకుంటాం. "చవకది కదా, అందుకే ఇలా ఉంది" అని సరిపెట్టుకోవడమూ అందులో భాగమే.

నా సంగతి కూడా చెప్పాలి. ఒకసారి సగం ధరకు ప్రింటర్ కొన్నాను. ఇంటికొచ్చినవాళ్లందరికీ చూపించాను. రెండు నెలలకు ఇంకు అయిపోయింది. కొత్త కార్ట్రిడ్జ్‌ల జత ధర విన్నాక కాసేపు నోట మాట రాలేదు, ఇంచుమించు ప్రింటర్ ధరే! షాపువాడు నన్ను మోసం చెయ్యలేదు. ఆ ధర కూడా అక్కడే రాసి ఉంది. నేను చూసింది కొట్టేసిన అంకెను, చూడనిది పేజీకి ఎంతవుతుందన్నది.

కొనేటప్పుడు చేసిన లెక్క వాడేటప్పుడు ఎలా చెదిరిపోతుందో చూపించే పరిశోధన ఒకటి చెప్పి ఆపుతాను. గోర్‌విల్, సోమన్ అనే ఇద్దరు 1998లో, ఆరు నెలలకోసారి ఫీజు కట్టే వ్యాయామశాల సభ్యుల హాజరు గమనించారు. ఫీజు కట్టిన కొత్తలో బాగా వచ్చారు. నెలలు గడిచేకొద్దీ తగ్గారు. మళ్లీ ఫీజు కట్టగానే మళ్లీ వచ్చారు. మిషన్లు అవే, ఒళ్లూ అదే. డబ్బు కట్టిన గుర్తు మాసిపోయేకొద్దీ దాన్ని గిట్టించుకోవాలన్న పట్టుదల కూడా మాసిపోయింది.

నా ప్రింటర్ కూడా అలాగే మూలకు చేరింది. దాని మీద ఇప్పుడు పాత పత్రికలున్నాయి. మొన్న ఒకాయన చూసి ఎంతకు పడిందని అడిగారు. సగం ధరకే వచ్చిందని చెప్పాను.