కుట్లు మానాక మొదలైన బాధ

శ్రోతలందరికీ నమస్కారం. గర్భసంచి, అండాశయాలు తీసేసే ఆపరేషన్ తర్వాత మనసులో వచ్చే మార్పుల గురించి ఇవాళ నా అనుభవం చెబుతాను.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మనిషిని అందరూ అడిగేది ఒకటే. "ఆపరేషన్ బాగా అయిందా?" నాకూ బాగానే అయింది. అప్పుడు నా వయసు 42. గర్భసంచిలో గడ్డలు, రెండు అండాశయాల మీదా నీటి బుడగల్లాంటి సిస్టులు. ఏళ్ల తరబడి నెలనెలా విపరీతంగా రక్తం పోయేది, నొప్పితో మెలికలు తిరిగిపోయేదాన్ని. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. కుట్లు చక్కగా మానాయి. బయాప్సీ రిపోర్టులో భయపడాల్సిందేమీ లేదన్నారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం.

మూడో వారంలో ఒకరోజు, తడి తువ్వాలు మంచం మీద పడేశాడని మా అబ్బాయి మీద అరిచాను. మామూలుగా కోప్పడటం కాదు. గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. ఆపుకుందామన్నా ఆగలేదు. చివరికి స్నానాల గదిలోకి వెళ్లి తలుపేసుకుని అరగంట ఏడ్చాను. వాడికి పన్నెండేళ్లు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు వాడు నా గదిలోకి వచ్చే ముందు గుమ్మం దగ్గర ఆగి, "అమ్మా, ఇవాళ బాగున్నావా?" అని అడిగి, నా ముఖం చూసి గానీ లోపలికి వచ్చేవాడు కాదు. ఆపరేషన్ నొప్పి ఎలా ఉండేదో ఇప్పుడు గుర్తు లేదు. ఆ ప్రశ్న మాత్రం ఇంకా చెవుల్లోనే ఉంది.

నేను చెడ్డదాన్ని అయిపోలేదనీ, నాకు పిచ్చి పట్టలేదనీ అప్పుడు నాకెవరూ చెప్పలేదు. నా ఒంట్లో ఒక పెద్ద మార్పు రాత్రికి రాత్రి జరిగిందని, దానికి పేరుందని, వైద్యం కూడా ఉందని తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. ఈ ప్రసంగం వింటున్న ఏ ఒక్కరికైనా ఆ నాలుగు నెలలు తప్పితే నాకంతే చాలు.

దాని పేరు సర్జికల్ మెనోపాజ్. మెనోపాజ్ అంటే అండాశయాలు పని మానేసి, నెలసరి శాశ్వతంగా ఆగిపోవడం. ఇది ఆపరేషన్ వల్ల వచ్చే మెనోపాజ్ అన్నమాట. "గర్భసంచి ఆపరేషన్" అని మనం ఒక్క మాటలో తేల్చేస్తాం. ఆ మాట వెనక రెండు వేరువేరు సంగతులున్నాయి. గర్భసంచి ఒక్కటే తీసేస్తే నెలసరి ఆగిపోతుంది, కానీ అండాశయాలు ఉంటే అవి హార్మోన్లు తయారుచేస్తూనే ఉంటాయి. రెండు అండాశయాలూ తీసేస్తే ఆరోజుతోనే మెనోపాజ్ వచ్చేసినట్టు. ఏం తీశారో తమకే తెలియని ఆడవాళ్లను నేను చాలామందిని చూశాను. "ఏమో, గర్భసంచే అనుకుంటా" అంటారు. దయచేసి మీ డిశ్చార్జి కాగితాలు బయటికి తీసి చూడండి. హిస్టరెక్టమీ అంటే గర్భసంచి తీయడం. బైలేటరల్ ఊఫరెక్టమీ అని గానీ, బి.ఎస్.ఓ. అనే మూడు అక్షరాలు గానీ కనిపిస్తే రెండు అండాశయాలూ తీసేశారని అర్థం. మీ మూడ్ ఎందుకు ఇలా మారిపోతోందో తెలుసుకోవడం ఆ కాగితం దగ్గరే మొదలవుతుంది.

అండాశయాలు పిల్లలు పుట్టడానికే అనుకుంటాం. అవి తయారుచేసే ఈస్ట్రోజెన్ అనే హార్మోను మెదడు మీదా పని చేస్తుంది. మనసును నిలకడగా ఉంచే సెరటోనిన్ లాంటి రసాయనాలకు దాని సాయం కావాలి. నిద్రకీ, ఒంటి వేడిని అదుపులో పెట్టడానికీ, జ్ఞాపకశక్తికీ కూడా దాని అవసరం ఉంది. అవి తయారుచేసే ఇంకో హార్మోను ప్రొజెస్టిరాన్ నుంచి పుట్టే ఒక పదార్థం మెదడును శాంతపరుస్తుంది. టెస్టోస్టిరాన్ మగవాళ్ల హార్మోను అనుకుంటాం గానీ ఆడవాళ్లలోనూ ఉంటుంది, అండాశయాలు తీసేశాక అది సుమారు సగానికి పడిపోతుంది. ఓపిక లేకపోవడం, కలయిక మీద ఆసక్తి తగ్గిపోవడం వెనక ఇదీ ఒక కారణం కావచ్చు.

సహజంగా వచ్చే మెనోపాజ్ చాలామందికి 45, 55 ఏళ్ల మధ్య వస్తుంది. దానికి ముందు కొన్నేళ్లపాటు హార్మోన్లు పెరుగుతూ తరుగుతూ మెల్లగా తగ్గుతాయి. ఆ దారీ అందరికీ సులువుగా ఉండదు, కానీ ఒళ్లు అలవాటు పడటానికి కొంత వ్యవధైనా దొరుకుతుంది. ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే ఈస్ట్రోజెన్ అడుగంటిపోతుంది. పొద్దు గుంకడం వేరు, ఉన్నట్టుండి దీపం ఆరిపోవడం వేరు కదా.

అందరికీ నాలాగే అవుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కొందరికి పెద్ద తేడా తెలియదు. ఏళ్లకేళ్లు నొప్పి భరించినవాళ్లకు ప్రాణం హాయిగా కూడా ఉంటుంది. అయితే ఇంతకుముందు డిప్రెషన్ వచ్చినవాళ్లు, నెలసరికి ముందు మనసు బాగా కుంగిపోయేవాళ్లు, కాన్పు తర్వాత దిగులు పడినవాళ్లు ముందునుంచే జాగ్రత్తగా ఉండాలి. హార్మోన్ల హెచ్చుతగ్గులు వీళ్ల మనసు మీద ఎక్కువగా పని చేస్తాయి. నాకు కాన్పు తర్వాత మూడు నెలలు అలాగే గడిచింది. ఆపరేషన్‌కు ముందు ఆ సంగతి నన్నెవరూ అడగలేదు, చెప్పాలని నాకూ తోచలేదు.

ఇంకో మాట. ఇందులో దుఃఖం కూడా ఉంటుంది, దాన్ని హార్మోన్ల ఖాతాలో వేసి పక్కకు తోసేయకూడదు. నాకు ఇంకో బిడ్డ కావాలని లేదు. అయినా నిండు చూలాలిని చూస్తే కళ్లలో నీళ్లు తిరిగేవి. "నీకు పిల్లాడు ఉన్నాడు కదా, ఇంకా దాంతో పనేముంది?" అని మా అక్క ప్రేమగానే అంది. ఆ మాటకు నాకు జవాబు దొరకలేదు. ఒంట్లో ఒక భాగం పోతే, దాంతో పని ఉన్నా లేకపోయినా, బాధపడే హక్కు మనిషికి ఉంటుంది. ఇంకా పిల్లలు పుట్టని వాళ్లకు, క్యాన్సర్ భయంతో తీయించుకున్నవాళ్లకు ఆ బరువు ఎంతో ఎక్కువ. 2015లో నటి ఏంజెలీనా జోలీ, వంశపారంపర్యంగా వచ్చే క్యాన్సర్ ముప్పు వల్ల 39 ఏళ్లకే అండాశయాలు తీయించుకున్నానని, దాంతో తనకు మెనోపాజ్ వచ్చిందని ప్రపంచమంతా చదివేలా పత్రికలో రాసింది. ఎవరో ఒకరు పైకి చెబితే మిగతావాళ్లకు నోరు పెగులుతుంది.

నేను మాత్రం వెంటనే చెప్పలేకపోయాను. ఆరు వారాల చెకప్‌లో కుట్లు చూసి "అంతా బాగుంది" అన్నారు. నేనూ తల ఊపి వచ్చేశాను. నాలుగో నెలలో వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ముందుగా అడిగింది నిద్ర గురించి. రాత్రికి ఎన్నిసార్లు చెమటలు పట్టి లేస్తున్నావని అడిగారు. నాలుగైదుసార్లు, ఒక్కోసారి బట్టలు మార్చుకోవాల్సి వచ్చేది. మూడ్ గురించి వెళితే చెమటల గురించి అడుగుతారేమిటి అనుకున్నాను. ఆవిడ ఒక నోటుబుక్కు పెట్టమన్నారు. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, పగలు ఎప్పుడు కోపం వచ్చింది, ఎప్పుడు ఏడుపు వచ్చింది, అంతే రాయాలి. మూడు వారాలు రాశాక నాకే కనిపించింది. నేను అరిచిన రోజులన్నీ నిద్ర లేని రాత్రుల తర్వాతి రోజులే, అదీ సాయంత్రం పూట. తువ్వాలు, చదువు, ఆయన ఆలస్యంగా రావడం, ఇవన్నీ పైకి కనిపించే సాకులు. అసలు కారణం తెల్లవారుజామున మూడింటికి తడిసిపోయిన దిండులో ఉంది. ఆ రాతలు చూసుకున్న రోజు నా మీద నాకున్న అసహ్యం సగం తగ్గింది.

రక్తపరీక్షలు కూడా చేయించారు. థైరాయిడ్ తేడాగా ఉన్నా, రక్తం తక్కువగా ఉన్నా ఇలాంటి నీరసం, దిగులే వస్తాయి. ఏళ్లుగా రక్తం పోయిన నాలాంటివాళ్లలో ఐరన్ లోపం మామూలే. నాకూ ఉంది.

ఇక హార్మోన్ల వైద్యం, అంటే ఒంట్లో తగ్గిపోయిన హార్మోన్లను మందుగా ఇవ్వడం. ఆ మాట వినగానే నాకు గుండె జారిపోయింది. హార్మోన్లు వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందని ఎక్కడో విన్నాను. ఈ భయం ఎక్కడ మొదలైందో ఆవిడ ఓపిగ్గా చెప్పారు. 2002లో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. రెండు హార్మోన్లు కలిపిన మాత్ర వేసుకున్నవాళ్లలో రొమ్ము క్యాన్సర్ కొద్దిగా పెరిగింది. ఆ స్త్రీల సగటు వయసు 63. గర్భసంచి తీసేసి ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవాళ్ల ఫలితాలు 2004లో వచ్చాయి. వాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, పక్షవాతం ముప్పు మాత్రం కొంత పెరిగింది. 63 ఏళ్ల వాళ్ల లెక్క తెచ్చి 42 ఏళ్ల మనిషికి అతికించకూడదు. అండాశయాలు చిన్న వయసులో పోయినప్పుడు, వేరే అడ్డంకి లేకపోతే, సహజంగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా, అంటే సుమారు 50, 51 ఏళ్ల వరకు, హార్మోన్లు వాడటం మంచిదని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మూడ్ కోసమే కాదు, ఎముకలు గుల్లబారకుండా ఉండటానికీ, గుండెకీ కూడా. గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ కూడా వాడాలి. చర్మం మీద అంటించే ప్యాచ్, రాసుకునే జెల్ వాడితే, మాత్రలతో ఉండే రక్తం గడ్డకట్టే ముప్పు పెరగదని తేలింది.

నాకు ప్యాచ్ ఇచ్చారు. మూడు వారాల్లో చెమటలు తగ్గాయి, నిద్ర పట్టింది. కోపం మాత్రం అంత తొందరగా దిగలేదు. మొదటి డోసు చాలక ఒకసారి పెంచారు, మొత్తం మూడు నెలలు పట్టింది. వారం వాడి "నాకు పడలేదు" అని మానేయకండి, వెళ్లి డాక్టరుకు చెప్పండి.

హార్మోన్లకు స్పందించే రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు సాధారణంగా ఈ వైద్యం ఇవ్వరు. వాళ్లకు దారి మూసుకుపోలేదు. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు తక్కువ డోసులోనే, ఒంట్లోంచి ఉన్నట్టుండి ఎగదన్నే వేడి ఆవిర్లనూ తగ్గిస్తాయి, మనసునూ కుదుటపరుస్తాయి. అయితే రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ అనే మందు వాడుతున్నవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. పారాక్సెటిన్, ఫ్లువాక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందులు టామాక్సిఫెన్ పనికి అడ్డుపడతాయి, వాటికి బదులు వేరేవి ఇస్తారు. డిప్రెషన్ మందు వాడటం తలవంపులు కాదు. ఏ మందైనా ఉన్నట్టుండి ఆపేయకూడదు.

ఆలోచనల తీరు మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి నాకు అనుకున్నదానికంటే ఎక్కువ పనికొచ్చింది. నలుగురిలో ఉన్నప్పుడు ఆవిరి ఎగదన్నగానే, "అందరూ నన్నే చూస్తున్నారు, ఇక నా పని అయిపోయింది" అనుకునేదాన్ని. ఆ ఆలోచనతో గుండె దడ, దడతో టెన్షన్, టెన్షన్‌తో ఇంకా చెమట. "ఇది కాసేపట్లో పోతుంది, నెమ్మదిగా ఊపిరి వదులు" అని నాకు నేను చెప్పుకోవడం అక్కడ నేర్చుకున్నాను. చెప్పడానికి చిన్న విషయమే, అలవాటు కావడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇక నడక, వ్యాయామం, చల్లని గది, పలచని నూలు బట్టలు, కాఫీ, మద్యం తగ్గించుకోవడం మీరు విన్నవే, అవీ సాయపడతాయి. సర్జన్ సరేనన్నాకే బరువులు ఎత్తండి.

దాంపత్యం గురించి కూడా చెప్పాలి. ఈస్ట్రోజెన్ తగ్గితే యోనిలో తడి ఆరిపోయి కలయిక నొప్పిగా ఉంటుంది. నేను దూరం జరిగితే, తనంటే ఇష్టం పోయిందని ఆయన అనుకున్నారు. ఇద్దరం నోరు విప్పలేదు. ఆ మౌనం వల్ల వచ్చిన చిరాకు హార్మోన్ల వల్ల వచ్చినదానికంటే తక్కువేమీ కాదు. దీనికి పైపూతగా వాడే క్రీములున్నాయి, డాక్టరును సిగ్గుపడకుండా అడగండి.

ఇంట్లోవాళ్లకు నా మనవి. "సర్దుకుపో", "వయసు వస్తే అందరికీ ఉండేదే" అనకండి. "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగండి. పట్టలేదంటే, ఆ సాయంత్రం పనులు మీరు చూసుకోండి. పిల్లల దగ్గర దాచకండి. నేను మా వాడిని కూర్చోబెట్టి, "అమ్మ ఒంట్లో మనసును నెమ్మదిగా ఉంచేది ఒకటి ఆపరేషన్‌తో తగ్గిపోయింది, డాక్టరు మందు ఇస్తున్నారు, నీ తప్పేమీ లేదు" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "మరి ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

దిగులు రెండు వారాలకు మించి విడవకుండా ఉంటే, దేని మీదా ఆసక్తి లేకపోతే, డాక్టరును కలవడానికి తర్వాతి చెకప్ దాకా ఆగకండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ క్షణమే పక్కనున్న మనిషికి చెప్పండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఒంటరిగా ఉండకండి. ఇంట్లోవాళ్లూ ఆ మాటను బెదిరింపు అనుకోవద్దు.

ఆపరేషన్ తేదీ ఖాయమై ఈ మాటలు వింటున్నవాళ్లు ఉంటే, ఒక కాగితం తీసుకోండి. నా అండాశయాలు తీస్తారా, ఉంచుతారా? తీస్తే ఎందుకు? తర్వాత నాకు హార్మోన్లు ఇవ్వవచ్చా, ఇస్తే ఎప్పటినుంచి? నాకు గతంలో డిప్రెషన్ వచ్చింది, ఏం జాగ్రత్త తీసుకోవాలి? రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే ఎవరికి ఫోన్ చేయాలి? ఇవి రాసుకుని వెళ్లండి. ఒంటరిగా వెళ్లకుండా, ఇంటికొచ్చాక మీతో ఉండే మనిషిని వెంట తీసుకెళ్లి, జవాబులు ఆ మనిషి చేతే రాయించండి.

నమస్కారం.