వడపళనిలో పుట్టిన రాకాసిలోయ

శ్రోతలకు నమస్కారం.

మన చెన్నైలో, వడపళనిలో, ఒకప్పుడు చందమామ బిల్డింగ్స్ ఉండేవి. తెలుగు పిల్లలకు రాత్రిళ్ళు కలల్లోకి వచ్చిన మాంత్రికులూ, రాక్షసులూ, కొండజాతి వీరులూ చాలామంది ఆ చందమామ పిల్లల మాసపత్రిక ఆఫీసులో ఒక రాతబల్ల దగ్గర ప్రాణం పోసుకున్నవాళ్ళే. ఆ బల్ల దాసరి సుబ్రహ్మణ్యం గారిది. ఈ పేరు మీరు విని ఉండకపోతే అందులో మీ తప్పేమీ లేదు. చందమామలో ఆయన రాసిన సీరియల్స్ మీద ఆయన పేరు అచ్చు వేసేవారు కాదు.

సుబ్రహ్మణ్యం గారు 1932లో తెనాలి ప్రాంతపు పల్లెటూళ్ళో పుట్టారు. చందమామను 1947 జులైలో నాగిరెడ్డి గారితో కలిసి మొదలుపెట్టిన చక్రపాణి గారిదీ, 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. సుబ్రహ్మణ్యం గారు కూడా ఆ 1952లోనే పత్రికలో చేరారు. అప్పటికి ఇరవై ఏళ్ళవాడు. 2006 దాకా, అంటే యాభై నాలుగేళ్ళు, అదే కొలువు. 2010 జనవరిలో కన్నుమూశారు.

1954లో ఆయన సీరియల్ 'తోకచుక్క' మొదలైంది. ఆ తరవాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం. చివరిది భల్లూక మాంత్రికుడు, 1978లో. మొత్తం పన్నెండు. ఒక్క రాకాసిలోయే 1961లో మొదలై 1964 దాకా సాగింది. ఇవి చదివిన కుర్రాళ్ళు కొత్త సంచిక ఇంటికి రాగానే బేతాళ కథ కూడా పక్కన పెట్టి ముందు సీరియల్ పేజీ తీసేవారు.

నెలకొకసారి వచ్చే సీరియల్ రాయడం నవల రాయడం కంటే కష్టమని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెబుతాను. నవల చదివేవాడికి వెనక్కి తిప్పి చూసుకునే వీలుంది. సీరియల్ చదివేవాడు ముప్పై రోజులు స్కూలూ, ఆటలూ, పరీక్షలూ అన్నీ అయ్యాక మళ్ళీ కథలోకి వస్తాడు. అప్పటికి సగం మరిచిపోయి ఉంటాడు. పాత సంచిక పక్కింటివాళ్ళు పట్టుకుపోయి ఉంటారు. అందుకే ప్రతి భాగం మొదట్లో బ్రాకెట్ల మధ్య జరిగిన కథ నాలుగైదు వాక్యాల్లో వేసేవారు. ఆ నాలుగు వాక్యాలు రాయడం చిన్న పని అనుకోకండి. పోయిన నెల జరిగిందంతా చెబితే చోటు చాలదు. ఈ నెల కథకు ఏది కావాలో అది మాత్రమే చెప్పాలి. అలాగని మరీ కుదిస్తే, మధ్యలో చేరిన కొత్త పాఠకుడికి తలా తోకా తెలియదు.

పేర్ల సంగతి చూడండి. ఉగ్రాక్షుడు. బ్రహ్మదండి మాంత్రికుడు. ఒకసారి వింటే నెల తరవాత కూడా గుర్తుండే పేర్లు. ఉగ్రాక్షుడు అనగానే ఆ కళ్ళు కనిపిస్తాయి. బ్రహ్మదండి మన పొలాల గట్ల మీద పెరిగే ముళ్ళ మొక్క. ఆ పేరున్నవాడు మంచివాడు కాడని పల్లెటూరి పిల్లవాడికి వేరే చెప్పక్కర్లేదు. ఇంకొకటి, కథానాయకుణ్ణి ఒంటరిగా అడవిలోకి పంపరు. రాకాసిలోయలో కేశవుడికి జయమల్లు తోడు. యక్షపర్వతంలో ఖడ్గవర్మకు జీవదత్తుడు. ఇద్దరుంటే కథ మాటల్లో నడుస్తుంది. ఒక్కడే ఉంటే 'అనుకున్నాడు, ఆలోచించాడు' అని పేజీ నింపాల్సి వస్తుంది, పిల్లలు పేజీ తిప్పేస్తారు.

ఇక భాగం ముగింపు. ఇక్కడే చాలామంది సీరియల్ రచయితలు దెబ్బతింటారు. ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ఇద్దరు యువకులు తాడు పట్టుకుని లోయలోకి దిగుతున్నారు. పైన ఎవరో తాడు కోస్తున్న చప్పుడు. 'ఇంకా వుంది' అని ఆపేశారు. వచ్చే నెల 'అది ఎలుక కొరుకుతున్న చప్పుడు' అని తేల్చేస్తే పాఠకుడు రెండుసార్లు ఊరుకుంటాడు, మూడోసారి నమ్మడు. తాడు నిజంగానే తెగాలి. వాళ్ళు కింద చెట్టుకొమ్మ మీద పడాలి. ఆ చెట్టు ఒక జంతువు నివాసమై ఉండాలి. పాత ఆపద తీరే చోటే కొత్త ఆపద మొలవాలి. సుబ్రహ్మణ్యం గారి పద్ధతి ఇదే. ఇరవై నాలుగేళ్ళ పాటు నిలబెట్టారు.

బొమ్మల లెక్క కూడా ఉంది. ఆయన సీరియల్స్‌కు ఎక్కువగా బొమ్మలు వేసింది 'చిత్రా', అంటే టి.వి. రాఘవన్ గారు. పొలుసుల ఒంటి మృగాలు, కోరమీసాల సైనికులు, కొండ అంచున వేలాడే మనిషి, ఆ బొమ్మ చూస్తేనే సగం కథ తెలిసేది. అవే బొమ్మలు తమిళ అంబులిమామాలోనూ, కన్నడ, హిందీ చందమామల్లోనూ పడేవి. కథ ముందు తెలుగులో తయారై, తక్కిన భాషల్లోకి వెళ్ళేది. కాబట్టి వాక్యం చిన్నదిగా ఉండాలి. తెలుగులో మాత్రమే పేలే శ్లేష వేస్తే అనువాదకుడి దగ్గర కథ ఆగిపోతుంది. సుబ్రహ్మణ్యం గారి వచనంలో అలంకారాలు తక్కువ, క్రియలు ఎక్కువ. దూకాడు, విసిరాడు, గర్జించింది, కూలింది.

సీరియల్ ఆయన పనిలో ఒక పాలు మాత్రమే. పాఠకులు పంపే కథలు చదివి, పనికొచ్చేవాటిని తిరగరాయడం కూడా ఆయన చూసేవారు. మంచి కథ దొరికితే దానికి విక్రమార్కుడి చెట్టూ శవమూ తగిలించి, చివర బేతాళుడి ప్రశ్న కుదిర్చి, బేతాళ కథగా మలిచేవారు. అన్ని కథలకూ ఆ ప్రశ్న కుదరదు. రెండు జవాబులకు చోటున్న కథ అయితేనే రాజు నోరు విప్పడానికి కారణం ఉంటుంది.

మీ ఇళ్ళలో ఎవరైనా పాత చందమామల్లోంచి సీరియల్ పేజీలు విడదీసి బైండు చేయించి ఉంటే, ఒక్కసారి అటక మీంచి దింపి చూడండి. తుప్పు పట్టిన పిన్నులు ఉంటే నెమ్మదిగా తీసేయండి, లేకపోతే కాగితాన్ని తినేస్తాయి. చిరిగిన చోట ప్లాస్టిక్ టేపు అంటించకండి, కొన్నేళ్ళకు పసుపు మచ్చ మిగులుతుంది. పేజీల వరస తప్పి ఉంటే ప్రతి భాగం మొదట్లో ఉన్న జరిగిన కథ చదవండి. ఏ భాగం తరవాత ఏది రావాలో సుబ్రహ్మణ్యం గారు అక్కడ రాసి పెట్టారు.